కుక్క మేని పురుగులు - మందు వాడుటలో మెలకువలు

పల్లెటూరి సంసారములో కుక్కకు జీతము లేదు, లెక్కలలో పేరు లేదు. అయినను అది చేయు పని తక్కువది కాదు. కర్నూలు, కడప సీమలో వర్షాధారపు చేలు ఎంత ముఖ్యమో, గొఱ్ఱెల మందలును అంత ముఖ్యము. వాన తప్పిన సంవత్సరమున చేను పండకున్నను మంద సంసారమును నిలబెట్టును. ఎరువు కొఱకు పొలములో మంద నిలిపిన రాత్రి, కాపరి కంబళి కప్పుకొని కునుకు తీయుచుండగా మేలుకొని యుండునది కుక్కయే. 2022 ఏప్రిలులో వేరు జిల్లా అయిన నంద్యాలలోని రోళ్ళపాడు పచ్చికబయళ్ళలో తోడేళ్ళు నేటికిని తిరుగుచున్నవి. నల్లమల అంచుననున్న గ్రామములకు చిరుతల భయము ఉండనే యున్నది. దొంగల మాట చెప్పనక్కరలేదు. కావున మంచి కుక్క ఒకటి చనిపోయినచో ఆ యింటికి కలుగు నష్టము చిన్నది కాదు.

అట్టి కుక్కలు తోడేటి నోట పడకుండ, ముసలితనమునను కాక, యజమాని చేతి మందువలననే చనిపోవుట మిక్కిలి విచారకరము. మేము పల్లెలకు పోయినపుడు తరచుగా వినునది ఈ ప్రశ్నయే: "అయ్యా, కుక్క ఒంటినిండ పురుగులు పట్టినవి. ప్రత్తికి కొట్టగా మిగిలిన మందు ఇంత పూయవచ్చునా?" ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటే: కూడదు. ఒక్క చుక్కయైనను కూడదు. ఎందుకు కూడదో, దానికి బదులు ఏమి చేయవలెనో, సరియైన మందునైనను ఏ జాగ్రత్తలతో వాడవలెనో ఈ వ్యాసములో వివరింపబోవుచున్నాము.

పట్టినది ఏ పురుగు?

మందు మాట తలపెట్టుటకు ముందు పట్టిన పురుగు ఏదియో తెలిసికొనవలెను. మన కుక్కలను ముఖ్యముగా బాధించునవి రెండు జాతులు.

మొదటిది పిడుదు. దీనినే గోమారు అనియు అందురు. ఇది చెవుల లోపల, మెడ క్రింద, కాలివ్రేళ్ళ సందులలో కఱచుకొని కదలకుండ ఉండి రక్తము త్రాగును. త్రాగిన కొలది ఉబ్బి, ఆముదపు గింజవలె కనబడును. కడుపు నిండిన ఆడ పిడుదు క్రిందికి రాలి, గోడ నెఱ్ఱెలలో దూరి, వేలకొలది గ్రుడ్లు పెట్టును.

రెండవది ఎగిరి దూకు సన్నని పేను. ఇది నువ్వుగింజ కంటె చిన్నది, గోధుమ రంగు కలది, ప్రక్కలకు నొక్కినట్లు పలుచగా నుండును. దీనికి ఱెక్కలు లేవు. వెనుక కాళ్ళ బలముచే దూకును. ఈ వ్యాసములో దీనిని 'ఎగురుపేను' అని పిలుతము. ఇది వెండ్రుకల నడుమ వడివడిగా పరుగెత్తును గనుక కంటికి సులభముగా చిక్కదు. దీనిని కనిపెట్టుటకు తేలికయైన ఉపాయము కలదు. కుక్క తోక మొదట, నడుముపైన సన్నపండ్ల దువ్వెనతో దువ్వవలెను. మిరియపు పొడివంటి నల్లని నలుసులు రాలినచో వానిని తడిపిన తెల్లగుడ్డపై ఉంచి చూడవలెను. మట్టియైనచో మట్టిరంగే ఉండును. ఎఱ్ఱని మరక వ్యాపించినచో అది పేను విసర్జించిన రక్తము. పేలు ఉన్నవనుటకు అదియే సాక్ష్యము.

ఇవి చేయు కీడు దురదతో ముగియదు. పిడుదులు కుక్కకు తీవ్రమైన రక్తజ్వరములను అంటించును. జ్వరము వచ్చి, మేత మాని, చిగుళ్ళు తెల్లబడి, ముక్కునుండి రక్తము కారి చనిపోవు కుక్కలలో అనేకము పిడుదు కాటువలన రోగము తగిలినవే. ఎగురుపేలు ఎక్కువైనచో కుక్కపిల్లలకు, కొట్టములో కట్టిన మేకపిల్లలకు, గొఱ్ఱెపిల్లలకు రక్తము తగ్గిపోవును. ఒక జాతి బద్దెపురుగు ఎగురుపేను కడుపులో పెరుగును. కుక్క తన ఒంటిని కొఱుకుకొనునపుడు పేనును మ్రింగినచో ఆ పురుగు దాని కడుపులోనికి చేరును. కుక్కతో ఆడుకొను పసిబిడ్డలకును ఇదే విధముగ అది సోకవచ్చును.

పేనును తక్కువగా చూడరాదనుటకు మన దేశ చరిత్రలోనే నిదర్శనము కలదు. ప్లేగు వ్యాధి ఎలుకనుండి ఎలుకకు, ఎలుకనుండి మనిషికి వ్యాపించుటకు ఎలుకలపై నుండు ఎగురుపేను కారణమని పాల్ లూయీ సిమోండ్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీ నగరమున ప్రయోగము చేసి చూపెను. నాటివరకు లక్షలమంది మృతికి కారణము తెలియక లోకము తల్లడిల్లినది.

పురుగు సంసారము కుక్కపైన లేదు

"మందు పూసితిమి, వారము దినములలో మరల పట్టినవి, మందులో సత్తువ లేదు" అని అనేకులు చెప్పుదురు. ఇట్లు తలచి మోతాదు రెట్టింపు చేయుదురు. ప్రమాదము ఇచటనే మొదలగును. నిజమునకు తప్పు మందుది కాదు. పురుగు జీవితమును తెలిసికొనినచో ఈ చిక్కు విడిపోవును.

ఆడ ఎగురుపేను దినమునకు నలుబది, ఏబది గ్రుడ్లవరకు పెట్టగలదు. ఆ గ్రుడ్లు నున్నగా నుండి కుక్క మేనినుండి జారి, అది పండుకొన్న చోటనే రాలును. వానినుండి సన్నని తెల్లని పురుగులు పుట్టి, వెలుతురుకు వెఱచి, దుమ్ములో, రాళ్ళ సందులలో దాగును. తరువాత గూడు కట్టుకొని అందులో నిద్రించును. అనుకూల కాలమున మూడు వారములలోపలనే ఈ మార్పులన్నియు ముగియును. అనుకూలము కానిచో గూటిలోని పేను కొన్ని నెలలు వేచియుండగలదు. మనిషి అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి సోకినంతనే గూడు వీడి పైకి దూకును. చాల దినములు తాళము వేసిన యింటిలో అడుగు పెట్టగానే కాళ్ళనిండ పేలు ఎక్కుటకు కారణమిదియే.

కుక్క మేనిపై మనకు కనబడు పేలు మొత్తములో సుమారు నూటికి అయిదు వంతులు మాత్రమే. తక్కిన తొంబదియైదు వంతులు గ్రుడ్లుగను, పిల్లపురుగులుగను, గూళ్ళుగను నేలలో దాగియుండును. కుక్కకు మాత్రమే మందు వేసి నేలను విడిచిపెట్టుట, బావిలోని ఊట ఆపక బొక్కెనతో నీరు తోడుట వంటిది.

అయితే మన సీమకు ప్రకృతి ఒక మేలు చేసినది. ఎగురుపేను పిల్లపురుగు ఎండకు, పొడిగాలికి తాళలేదు. గాలిలో తేమ సగమునకు తగ్గినను, వేడి మిక్కుటమైనను అది ఎండి చచ్చును. కావున నడివేసవిలో మన బయలు నేలపై అది బ్రతుకజాలదు. బ్రతుకునది నీడలోనే. కొట్టపు మూలలు, మెట్ల క్రింద, మంచము క్రింద, గోనెపట్టల మడతలు, పరచిన నాపరాళ్ళ సందులు దానికి నెలవులు. కడప రాళ్ళు, బేతంచెర్ల రాళ్ళు పరచిన ఇండ్లలో సున్నముగాని సిమెంటుగాని ఊడిపోయిన సందులన్నియు ఈ పురుగులకు సత్రములే. వానలు కురిసి గాలిలో తేమ పెరిగిన నెలలలో వీని బెడద హెచ్చును.

మందు లేని వైద్యము ముందు

కావున మందు సీసా విప్పుటకు ముందు చేయవలసిన పని కలదు. దీనికి ఖర్చు లేదు.

కుక్క పండుకొను చోటును వారమునకు రెండుసార్లయినను ఊడ్చి, ఆ దుమ్మును దూరముగ కాల్చివేయవలెను. గోనెపట్టలను, పాత కంబళ్ళను మండుటెండలో రాతిపై పరచి ఇరుప్రక్కల ఎండనీయవలెను. ఉతుకదగిన వానిని కాగిన నీటిలో నానబెట్టి ఉతుకవలెను. రాళ్ళ సందులను, గోడ నెఱ్ఱెలను పూడ్చవలెను. కొట్టములోనికి వెలుతురు, గాలి వచ్చునట్లు చూడవలెను. కుక్కను దినము విడిచి దినము సన్నపండ్ల దువ్వెనతో దువ్వి, చిక్కిన పేలను సబ్బునీటిలో ముంచవలెను. మామూలు సబ్బుతో స్నానము చేయించినను చాల పేలు కొట్టుకొనిపోవును.

పిడుదులు కొలదిగా ఉన్నచో చేతితో తీయవచ్చును. పట్టకారుతో చర్మమునకు ఆనించి పట్టి, మెలిపెట్టక తిన్నగా పైకి లాగవలెను. లాగిన పిడుదును గోటితో చిదుపరాదు. దానిలోని రక్తము మన చేతి పుండ్లకు తగులరాదు. బీడీ నిప్పుతో కాల్చుట, కిరసనాయిలు పోయుట మంచిది కాదు. అట్లు చేసినచో కుక్క చర్మము కాలి పుండుపడును.

చేనిమందు ఎందుకు పనికిరాదు?

ఆదోని ప్రత్తి, మైదుకూరు పసుపు ఎఱుగని వారు లేరు. ఇట్టి పంటలున్న సీమలో ఇంటింటను పురుగుమందు సీసాలు మిగిలియుండుట సహజము. "చేనిలో పురుగును చంపునది కుక్కపై పురుగును చంపదా?" అని రైతు తలచుటలో కొంత తర్కము లేకపోలేదు. పురుగు చచ్చుట నిజమే. కాని కుక్క కూడ చచ్చును.

దీనికి మూడు కారణములు గలవు. మొదటిది, చేనిమందు ఎక్కువ గాఢత కలది. అది ఆకుపై నిలుచుటకు, మైనపు పొరను దాటుటకు నూనెవంటి ద్రావకములతో చేయబడినది. ఆ ద్రావకము చర్మముగుండ విషమును త్వరగా లోనికి చేర్చును. రెండవది, చెట్టు తన ఆకును నాకుకొనదు, కుక్క తన ఒంటిని నాకుకొనును. కావున పైన పూసిన విషము కడుపులోనికి కూడ చేరును. మూడవది, ఈ విషములలో అనేకము నరముల పనిని చెఱచును. నరము కండరమునకు ఒక ఆజ్ఞ పంపినపుడు, పని ముగియగానే ఆ ఆజ్ఞను చెఱిపివేయు పదార్థము ఒకటి శరీరములో నుండును. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ జాతి మందులు ఆ పదార్థమును కట్టివేయును. అంతట ఆజ్ఞ ఆగదు. నోట చొంగ, కంట నీరు కారును, కండరములు అదరును, కడపట ఊపిరి తీయు కండరములు స్తంభించును. పురుగునకైనను, కుక్కకైనను, మనిషికైనను ఈ యంత్రము ఒక్కటే.

వెనుకటి తరమువారు కుక్కలకు, పశువులకు బి.హెచ్.సి. పొడిని చల్లెడివారు. దానినే గమాక్సీన్ అనెడివారు. ఆ పొడి శరీరపు కొవ్వులో నిలిచి, పాలలోనికి దిగునని తెలిసిన పిదప 1997లో మన దేశమున దానిని నిషేధించిరి. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసినది. పల్లెలలో నువాన్ అను పేరున పశువులకును, కుక్కలకును పూయుచుండిన డైక్లోర్వాస్‌తో పాటు ఫోరేట్, ట్రయజోఫాస్ మున్నగు ఆరు మందులను కేంద్ర ప్రభుత్వము 2018 ఆగస్టు నాటి ఉత్తరువు ద్వారా 2020 డిసెంబరు 31 నుండి నిషేధించినది. అటకమీద పాత సీసా ఏదైనను ఉన్నచో అది "మంచి కాలపు మందు" కాదు, నిషిద్ధ విషము అని గ్రహించవలెను.

ఇట్లే పొగాకు కషాయము, కాలిన యింజను నూనె, కిరసనాయిలు కుక్కకు పూయుట కూడ ప్రమాదకరము. పొగాకులోని నికొటిన్ చర్మముగుండ ఇంకి ప్రాణముమీదికి తెచ్చును. వేపాకు కాచిన నీటితో కడుగుటవలన అంతగా హాని లేదు గాని, దానితోనే పేల బెడద తీరునని నమ్మరాదు. చిక్కని వేపనూనెను నేరుగా పూయుట తగదు.

సరియైన మందులు ఎవ్వి?

కుక్కలకై తయారుచేసిన మందులు నేడు పలు రూపములలో దొరకుచున్నవి. వెన్నుపై చర్మమునకు వేయు చుక్కల మందులు, నీటిలో కలిపి ఒళ్ళు తడుపు మందులు, పొడులు, మందు పూసిన మెడపట్టీలు, నోటిద్వారా ఇచ్చు బిళ్ళలు అందులో గలవు. ఫిప్రోనిల్, డెల్టామెత్రిన్, అమిట్రాజ్, ఫ్లూరలానర్ మున్నగు పేర్లు చీటీలపై కనబడును. వీనిలో ఏది ఏ కుక్కకు తగునో పశువైద్యుడు చెప్పవలెను. మూర్ఛరోగము కలిగిన కుక్కకు కొన్ని బిళ్ళలు తగవు. చక్కెరవ్యాధి గల కుక్కకు అమిట్రాజ్ తగదు. పాలుమరువని పిల్లలకును, చూలు కుక్కలకును, జబ్బుపడి చిక్కిన వానికిని చాల మందులు పనికిరావు.

ఒక సంగతిని గట్టిగా చెప్పవలసియున్నది. పశువులకు, గొఱ్ఱెలకు ఇచ్చిన మందు కుక్కకు సరిపోవునని ఎంచరాదు. ఒకే పేరు గల మందు ఒక సీసాలో పలుచగను, మరియొక సీసాలో చిక్కగను ఉండును. మూడు నాలుగు వందల కిలోల ఎద్దుకై చేసిన గాఢత పదునాలుగు కిలోల కుక్కకు మృత్యువు కావచ్చును. గొఱ్ఱెలకు సూదివేయగా మిగిలిన ఐవర్‌మెక్టిన్‌ను కుక్కకు వేయు అలవాటు కొందఱికి కలదు. ఆ మందు ఎగురుపేలపై చాలినంత పని చేయదు. మోతాదు మీరినచో కుక్క తూలి, చూపు కోల్పోయి, స్పృహ తప్పును.

ఇంటిలో పిల్లి ఉన్నచో మరింత మెలకువ అవసరము. కుక్కలకు వాడు పెర్మెత్రిన్ అను మందును పిల్లి శరీరము జీర్ణించుకొనలేదు. కుక్క ఒంటిమీది తడి మందును పిల్లి రాచుకొన్నను, నాకినను వణుకు పుట్టి చనిపోవచ్చును. పట్టుపురుగులు పెంచు ఇండ్లలో ఈ జాతి మందుల వాసన కూడ పురుగుల గదికి చేరనీయరాదు. కుక్కకు మందు వేసిన చేతులతో మల్బరీ ఆకు ముట్టరాదు.

మోతాదు: తూకము, కొలత

మందునకును విషమునకును భేదము మోతాదులోనే యున్నది. అందుచేత మొదట కుక్కను తూచవలెను. దీనికి ప్రత్యేకమైన త్రాసు అక్కరలేదు. వేరుసెనగ బస్తాలు తూచు కాటా చాలును. ఒక మనిషి కుక్కను ఎత్తుకొని కాటాపై నిలువవలెను. తరువాత తాను ఒక్కడే నిలువవలెను. మొదటి తూకము 72 కిలోలు, రెండవది 58 కిలోలు అయినచో కుక్క బరువు 14 కిలోలు. చుక్కల మందులును, బిళ్ళలును 'ఇన్ని కిలోలనుండి ఇన్ని కిలోలవరకు' అను లెక్కతో అమ్మబడును. పెద్ద కుక్క పొట్లమును కొని రెండు చిన్న కుక్కలకు పంచుట ఆదాగా తోచును గాని, సగపాలు ఎంతయో కంటికి తెలియదు. అట్లు చేయరాదు.

నీటిలో కలుపు మందునకు చీటీపై వ్రాసిన కొలతయే ప్రమాణము. ఉదాహరణకు 'లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు' అని వ్రాసియున్నదనుకొందము. అయిదు లీటర్ల నీటికి 10 మిల్లీలీటర్లు కలుపవలెను. సీసా మూతతో కొలుచుట సరికాదు. ఒక మూతలో 5 మిల్లీలీటర్లు పట్టును, మరియొకదానిలో 15 పట్టును. సూది తీసివేసిన సిరంజితో కొలుచుట ఉత్తమము. ఆ సిరంజిని, కలిపిన బొక్కెనను వేరుగా ఉంచవలెను. అవి మరల వంటయింటికి గాని, నీళ్ళ తొట్టికి గాని పోరాదు. "మఱికొంచెము కలిపిన బాగుగ పనిచేయును" అను మాటను మఱచిపోవలెను. రెట్టింపు మందు రెట్టింపు పేలను చంపదు, కుక్కకు కీడును మాత్రము పెంచును. ఒకేసారి రెండు మందులు వాడుట, మెడపట్టీ ఉండగా ఒళ్ళు తడుపుట కూడ ఇట్టి తప్పులే.

వాడు విధము

ఒళ్ళు తడుపు మందును ఉదయపు చల్లని వేళ, ఆరుబయట, గాలి లేనపుడు వాడవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండలో వాడరాదు. వేడికి కుక్క రొప్పును, చర్మము మందును ఎక్కువగా పీల్చును. కుక్క కడుపునకు కొంచెము మేత, త్రాగుటకు నీరు ముందే ఇవ్వవలెను. ఒంటిపై పుండ్లు, గీరుడు గాయములు ఉన్నచో అవి మానువరకు ఆగవలెను.

పనిచేయువారు రబ్బరు తొడుగులు ధరించి, నిండు చేతుల చొక్కా తొడుగుకొనవలెను. గర్భిణులు, పసిపిల్లలు దగ్గఱ ఉండరాదు. బెదరిన కుక్క కఱవవచ్చును గనుక దానికి పరిచయమైనవారే మెడ పట్టుకొనవలెను. నోటికి మెత్తని గుడ్డ కట్టవలసివచ్చినచో కొలది నిమిషములకంటె ఎక్కువ ఉంచరాదు. కుక్కకు మనిషివలె ఒళ్ళంతయు చెమట పట్టదు. ముఖ్యముగా నోరు తెఱచి రొప్పుటవలననే దాని ఒడలు చల్లబడును.

మెడనుండి మొదలుపెట్టి తోకవఱకు, కాలివ్రేళ్ళ సందులతో సహా తడుపవలెను. కన్నులు, ముక్కు, నోరు తప్పించవలెను. చెవుల వెనుక, ముఖమున గుడ్డతో అద్దవలెను. తడి ఆరువరకు కుక్కను నీడలో కట్టి, నాకుకొనకుండ ఒకరు కావలి యుండవలెను. ఆరకముందు పిల్లలు ముట్టరాదు, కుక్క మందలోనికి పోరాదు.

చుక్కల మందు వేయుట మరింత సులభము. మెడ వెనుక, రెండు భుజముల నడుమ వెండ్రుకలను పాయ తీసి, చర్మము కనబడిన చోట పిండవలెను. అచటికి కుక్క నాలుక అందదు. వెండ్రుకలపై పోసినచో మందు వ్యర్థమగును. దీనికి ముందు రెండు దినములు, వెనుక రెండు దినములు స్నానము చేయింపరాదు.

మిగిలిన మందునీటిని బావి దగ్గఱ, చెఱువులో, కె.సి. కాలువలో పోయరాదు. డెల్టామెత్రిన్ వంటి మందులు కొలదిపాటి కలిసినను చేపలు చచ్చును. పశువులు మేయని, నీటివనరులకు దూరమైన బంజరున గుంత తీసి పోసి పూడ్చవలెను. మందు తడిసిన కుక్కను ఆ దినమే కుంటలోనికి దింపుటయు ఇట్టి తప్పే.

ఒకసారి వేసి ఊరుకొనిన లాభము లేదు. గూళ్ళలో దాగిన పేలు బయటికి వచ్చుచునే యుండును గనుక చీటీలో చెప్పిన గడువున మరల వేయుచు, రెండు మూడు నెలలు విడువక సాగింపవలెను. ఇంటిలోని కుక్కలన్నిటికి, వీలైనచో ఇరుగుపొరుగు కుక్కలకును ఒకే దినమున చేయించుట మేలు. పంచాయతీవారు, పాల సంఘమువారు, గొఱ్ఱెల పెంపకందారుల సంఘములవారు కలిసి ఒక దినము నిర్ణయించుకొనినచో, పిచ్చికుక్క వ్యాధి నిరోధక టీకాయు ఆనాడే వేయింపవచ్చును.

కీడు కలిగిన గుర్తులు, వెంటనే చేయవలసిన పని

మందు వేసిన తరువాత నోట చొంగ ధారగా కారుట, వాంతులు, విరేచనములు, ఒడలు వణకుట, తూలుట, కంటిపాప సూదిమొనవలె చిన్నదగుట, మగతగా పడియుండుట, ఊపిరి కష్టమగుట - వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయరాదు. తొడుగులు వేసికొని, గోరువెచ్చని నీటితో, మామూలు సబ్బుతో కుక్క ఒంటిమీది మందును బాగుగ కడిగివేయవలెను. వేడినీరు వాడరాదు. తుడిచి, నీడలో పడుకొనబెట్టవలెను. మజ్జిగ, నూనె, చింతపండు నీరు, గ్రుడ్డుసొన బలవంతముగ నోటిలో పోయరాదు. స్పృహ సరిగా లేని ప్రాణి గొంతులో పోసినది ఊపిరితిత్తులలోనికి దిగి, విషముకంటె ముందు అదియే చంపును. వాంతి చేయించుటకు ప్రయత్నింపరాదు.

వెంటనే పశువైద్యశాలకు పోవలెను. పోవునపుడు మందు సీసానుగాని, పొట్లమునుగాని తప్పక తీసికొనిపోవలెను. ఏ విషమో తెలిసిననే వైద్యునికి విఱుగుడు తెలియును. క్లోర్‌పైరిఫాస్ జాతి విషమునకు అట్రోపిన్ సూది ఉన్నది. వేరొక జాతికి అది పనికిరాదు. సంచార పశువైద్య వాహనమును పిలుచుటకు 1962 అను ఫోను సంఖ్య కలదు. గ్రామములోని రైతు సేవా కేంద్రమున పశుసంవర్ధక సహాయకుని అడిగినను దారి చూపగలడు. ప్రొద్దుటూరు పరిసరముల వారికి అచట గల పశువైద్య కళాశాల దగ్గఱలోనే యున్నది. కుక్కను పట్టుకొనిన మనిషికి తలతిప్పుట, చెమటలు, చూపు మసకబారుట కనబడినచో తడిసిన బట్టలు విప్పి, ఒళ్ళు సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

నిలువయుంచుట

మందు సీసాను దాని అసలు చీటీతోనే ఉంచవలెను. సారాయి సీసాలోనికి, నూనె డబ్బాలోనికి మార్చరాదు. పురుగుమందు సీసాపై త్రికోణపు గుర్తు ఉండును. ఎఱుపు మహావిషము, పసుపు తీవ్రవిషము, నీలము ఓ మోస్తరు విషము, ఆకుపచ్చ స్వల్పవిషము. చదువు రానివారును ఈ రంగులను గుర్తింపవచ్చును.

1958లో కేరళమున ఓడలో పరాథియాన్ అను పురుగుమందుతో పాటు తెచ్చిన ఆహారపదార్థములకు విషము అంటి, వాటిని తిన్నవారిలో నూరుమందికి పైగా చనిపోయిరి. ఆ ఘోరము తరువాతనే మన దేశమునకు 1968 నాటి పురుగుమందుల చట్టము వచ్చినది. త్రికోణపు గుర్తులు ఆ చట్టము క్రింద 1971లో చేసిన నియమములవలన ఏర్పడినవి. పెద్ద ఓడలో జరిగినది మన చిన్న అటకమీదను జరుగవచ్చును. ధాన్యపు గాదె, ఉప్పు జాడి ఉన్న చోట మందు ఉండరాదు. తాళము వేసిన పెట్టెలో, పిల్లలకు అందని యెత్తున ఉంచవలెను.

చెప్పినదానిని సంగ్రహించి చూతము. పురుగును గుర్తించవలెను. నేలను శుభ్రపఱచవలెను. చేనిమందును, పశువుల మందును ముట్టరాదు. కుక్కను తూచి, పశువైద్యుని సలహాతో కుక్కమందునే చీటీ ప్రకారము వాడవలెను. గడువు తప్పక మరల వేయవలెను. ఈ పనులలో ఏదియు మన రైతులకు, కాపరులకు అసాధ్యమైనది కాదు. ఒక వైద్యుని సలహాకు పోవు పూటయు, ఒక చిన్న మందు వెలయు, ఆ కుక్క కాపాడు ఒక్క గొఱ్ఱెపిల్ల విలువకు సాటిరావు. మన వాకిట పండుకొని మన సొత్తును కాయు నోరులేని జీవమునకు ఏ మందు తగునో ఏది తగదో చెప్పుకొను నేర్పు లేదు. ఆ వివేచన మనమే చేయవలెను.